అక్క చోప్ చేసిన బల్ల

మా అక్క నాగరత్నానికి ఖాళీ కుర్చీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. దాని మీద ఏదో ఒకటి పెట్టేయాలి. గొడుగు, కళ్ళజోడు పెట్టె, ఆఖరికి సగం తిన్న బిస్కెట్ల పొట్లం. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడిలో అన్నదానం నాడు ఒక వరుస వరుసంతా తన సామాను పరిచి రాబోయే చుట్టాల కోసం కాపలా కాసేది. రాని చుట్టాల కోసం కూడా కాసేది.

సింగపూరులో దీన్ని చోప్ చెయ్యడం అంటారు. మధ్యాహ్నం హాకర్ సెంటరులో జనం కిటకిటలాడుతుంటే, దొరికిన బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పడేసి, వెళ్ళి అన్నం కోసం వరుసలో నిలబడతాం. తిరిగొచ్చేసరికి బల్ల మనకోసం అలాగే ఉంటుంది. పొట్లం లేకపోతే ఆఫీసు కార్డు, అదీ లేకపోతే చేతిసంచి. ఎవరూ ముట్టుకోరు. బయటి ఊరివాళ్ళకి చెబితే నమ్మరు గానీ, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బ్రిటిష్‌వాళ్ళ నేవల్ బేస్‌లో పనికొచ్చాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కాకపోతే అందులో కొంత తమిళం, కొంత మలాయి కలిసిపోయి, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మా మాట వింటే మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకుంటారు.

అక్క ఆంగ్ మో కియోలో కాపురం పెట్టింది. బావ సాంబమూర్తి బస్సు నడిపేవాడు. అక్క ఒక స్కూల్లో క్యాంటీన్ స్టాల్ నడిపింది. రీసెస్ గంట కొట్టగానే పిల్లలంతా “ఆంటీ, ఆంటీ” అంటూ మీద పడేవాళ్ళు. ఆ గోలంటే ఆవిడకి ప్రాణం. తర్వాత బావ పోయాడు. మోకాళ్ళు మొరాయించాయి, స్టాల్ వదిలేసింది. కొడుకు వివేక్ కంప్యూటరు ఉద్యోగంలో పడి పొద్దున్న వెళితే ఎప్పుడు వస్తాడో వాడికే తెలీదు. ఆ రోజుల్లో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. రేడియోలో తమిళ పాటలు, టీవీలో చైనీస్ సీరియల్, రెండూ ఒకేసారి మోగుతున్నాయి. మధ్యలో కూర్చుని అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రెండిట్లో ఏదీ వినడం లేదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంటికొచ్చినవాళ్ళు ఎక్కువసేపు కూర్చుంటే నాకు తలనొప్పి వస్తుంది. ఒక్క కడుపున పుట్టి ఇంత తేడా ఏమిటో నాకు అర్థం కాదు. ఒక్కదాన్నే ఉండటం నాకు సుఖం, అక్కకి జ్వరం.

ఆ జ్వరం తగ్గించింది శాలిని. వివేక్ పెళ్ళి చేసుకుని తెచ్చిన తెనాలి పిల్ల. వసపిట్ట. తెల్లారి లేచింది మొదలు తెనాలి కబుర్లు, కాలేజీ కబుర్లు, అడ్డమైన కబుర్లూ చెప్పేది. అక్క కూరలు తరుగుతూ వినేది. పసార్‌కి, అంటే బజారుకి, ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు, చేపలవాడితో ఇద్దరూ కలిసి పోట్లాడేవాళ్ళు. రేడియో నోరు మూతపడింది. ఏడాది తిరిగేసరికి అక్క మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

అప్పుడు శాలినికి ఉద్యోగం వచ్చింది. అది రెండువేల సంవత్సరం. కంప్యూటరు చదువు చదివానంటే చాలు, పిలిచి కుర్చీ వేసే రోజులు. పాయా లేబర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు రమ్మన్నారు. పిల్ల గాల్లో తేలిపోయింది. పెళ్ళి కాకముందు ఉద్యోగం చెయ్యడానికి వాళ్ళ నాన్న ఒప్పుకోలేదట. ఇది మొట్టమొదటిది.

అక్కకి మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఇంకో ఏడాది ఆగకూడదా అంది. ట్రైనులో రద్దీ అంది. ఆఫీసు ఏసీకి జలుబు చేస్తుంది అంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుండేవి ఆ సాకులు. అసలు మాట ఏమిటో నాకు తెలుసు. ఈ పిల్ల కూడా పొద్దున్న తలుపేసుకుని వెళ్ళిపోతే, మళ్ళీ ఆ ఫ్లాటూ, ఆ రేడియో. ఆ మాట అక్క నోటివెంట రాదు. శాలినికి తట్టదు. శాలిని దృష్టిలో అది ఉత్త అత్త పెత్తనం.

శాలిని ఉద్యోగంలో చేరేముందు అత్తాకోడళ్ళని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళొస్తే గొడవ చల్లారుతుందని వివేక్ యూరప్ ప్యాకేజీ టూర్ బుక్ చేశాడు. తీరా బయల్దేరే వేళకి వాడికి సెలవు దొరకలేదు. వాడి టికెట్టు రద్దు చేసి నాకు కొన్నాడు. వాడి సీటులో నన్ను చోప్ చేశారన్నమాట.

ఊళ్ళన్నీ తిరిగి ఆఖరుకి లిస్బన్ చేరాం. మర్నాడు పొద్దున్నే విమానం. సోమవారం శాలిని ఉద్యోగంలో చేరాలి. ఆ ఒక్కరోజూ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు నడిచి చూడమని మా టూర్ లీడరు, సింగపూర్ చైనీస్ పిల్ల, అందరినీ వదిలేసింది. వదిలేముందు రోజూ పాడే పాటే, మాట చివర మా సింగపూరు ‘లా’ తగిలించి, పాడింది.

“ఆంటీ, బ్యాగ్ ముందుకి పట్టుకోండి, ఓకే? ఇక్కడ సింగపూర్ కాదు లా.”

అక్క తలూపింది. మా ముగ్గురి పాస్‌పోర్టులూ ఆవిడ గోధుమరంగు చేతిసంచిలోనే ఉన్నాయి. మావి ఎర్రవి, శాలినిది ఇండియా నీలం పుస్తకం. ఎవరిది వాళ్ళ దగ్గర ఉంచుకుందామని నేనంటే, “ఇంటికి పెద్దదాన్ని నేను” అని మొదటిరోజే లాక్కుంది.

నది ఒడ్డునున్న పెద్ద చౌకు నుంచి కొండమీది పాతపేట వైపు నడిచాం. పట్టుచీర కింద స్పోర్ట్స్ షూ వేసుకుని అక్క, చేతిలో గైడు పుస్తకంతో శాలిని, వెనకాల నేను. దారంతా నల్లరాయి తెల్లరాయి పేర్చి ముగ్గులేసినట్టుంది. రాళ్ళు అరిగి నున్నగా ఉంటే మెట్ల దగ్గర శాలిని అక్క మోచెయ్యి పట్టుకుంది. పైకి వెళ్ళేకొద్దీ సందులు ఇరుకు. రెండు మేడల మధ్య చేతులు చాపితే అందేటట్టున్నాయి. కిటికీల నిండా ఆరేసిన బట్టలు.

“చూడవే తారా, ఇక్కడా మన బ్లాకులాగే బయట ఆరేసుకుంటారు” అంది అక్క తృప్తిగా.

శాలిని పుస్తకం చూసి చెప్పింది. “పూర్వం పెద్ద భూకంపం వచ్చి కిందనున్న ఊరంతా పడిపోయిందట అత్తయ్యా. ఈ పేట మాత్రం చాలామటుకు నిలబడిందట.”

“నిలబడితే ఉంచుకున్నారు. మన దగ్గరైతే పాతబడిందని ఈపాటికి పడగొట్టేసేవోళ్ళు. పాతోళ్ళని ఉంచుకోడం కూడా తెలియాల గదా.”

పాతవాటిని అనలేదు, పాతోళ్ళని అంది. శాలిని విన్నది. అయినా మోచెయ్యి వదల్లేదు.

పెద్ద చర్చిలో కాసేపు కూర్చున్నాం. లోపల చల్లగా ఉంది. శాలిని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటే, ఏం కోరుకున్నావని అక్క అడిగింది. “సోమవారం బాగా జరగాలని” అంది పిల్ల. అక్క లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆ ప్రయాణంలో ఎప్పుడు ఏ మాట ఎత్తినా తిరిగి తిరిగి సోమవారం దగ్గరికే వచ్చేది. ముందురోజు హోటల్ గదిలో శాలిని సోమవారం కట్టుకోబోయే బట్టలు మంచం మీద పరిచి మాచేత రంగు ఎంపిక చేయించింది. అక్క చూడకుండానే ఏదో ఒకటి చూపించింది.

కోట కిందుగా చిన్న ఖాళీ జాగాలో ఒక బేకరీ ఉంది. బయట చెట్టునీడన నాలుగు బల్లలు. అంతకు రెండేళ్ళ ముందు సింగపూరులో గుడ్డుసొన నింపి కాల్చే పోర్చుగీస్ ఎగ్ టార్టులంటే జనం పిచ్చెక్కి వరుసలు కట్టారు. వాటి పుట్టిల్లు ఇదేనని తెలిసినప్పటినుంచీ అక్కకి ఒకటే ఆత్రం. లోపలికి వెళ్ళి కావలసింది చూపించి, అక్కడే కొని తెచ్చుకోవాలి. బల్లలు మూడు నిండిపోయాయి. నాలుగోదాని వైపు ఒక కుటుంబం నడిచి వస్తోంది.

అక్క మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరుగులాంటి నడక నడిచింది. టిష్యూ పొట్లాలు అయిపోయాయి. చేతిసంచి బల్ల మధ్యన పెట్టింది. పెట్టి, నిశ్చింతగా మా వెనకాల లోపలికి వచ్చేసింది.

నేను చూశాను. చూసి కూడా నాకేమీ అనిపించలేదు, అదే విడ్డూరం. అరవై ఏళ్ళుగా చూస్తున్న పని. లోపల అక్క రొట్టె మీదకి వెన్న కావాలని మలాయిలో “మెంతేగా” అంటే, ఆ బేకరీ అతను వెంటనే వెన్న తీసిచ్చాడు. ఆ మాట ఈ పోర్చుగీసువాళ్ళే మలక్కాకి తెచ్చి వదిలారు గదా అని నేను పెద్ద పంతులమ్మలా వివరిస్తున్నాను. ముగ్గురం నవ్వుకుంటూ పళ్ళేలు పట్టుకుని బయటికొచ్చాం. బల్ల ఖాళీగా ఉంది. బల్ల దొరకని ఆ కుటుంబం పాపం అవతల చెట్టుకింద అటు తిరిగి నిలబడి ఉంది. వాళ్ళు ఏమీ చూడలేదట.

“సంచేదే?” అంది అక్క, అక్కడే ఎక్కడో ఉన్నట్టు.

బల్ల కింద చూశాం, కుర్చీల కింద చూశాం, బేకరీ అతను వచ్చి చూశాడు. ముందు నాకు కోపం వచ్చింది. అక్కని నోటికొచ్చినట్టు తిట్టాను. మాకేం, మా ఎర్ర పుస్తకాలు పోతే ఎలాగో ఇంకోటి ఇస్తారు. శాలిని పుస్తకంలో సింగపూరులో మళ్ళీ అడుగుపెట్టడానికి కావలసిన ముద్రలన్నీ ఉన్నాయి. కొత్తది రావాలంటే వారాలు పడుతుంది. వచ్చాక ఆ ముద్రల కోసం మళ్ళీ మొదటినుంచీ. అంతవరకు ఆ కంపెనీ కుర్చీ ఎవరికోసమూ ఆగదు. ఆ రోజుల్లో ఒక కుర్చీకి పదిమంది.

శాలిని ఏడవలేదు. అక్క ఎదురుగా నిలబడి నెమ్మదిగా అడిగింది.

“అత్తయ్యా, కావాలనే పెట్టారా?”

నేను గయ్‌మని లేవబోయాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. చాలాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి అంతసేపు అక్కర్లేదు.

“నువ్వు బట్టలు పరిచి చూపించినప్పుడు అనుకున్నానే అమ్మా. ఈ పుస్తకం పోతే పిల్ల ఎక్కడికీ పోదు గదా అని. అనుకున్న మాట నిజం. బల్ల మీద పెట్టినప్పుడు మాత్రం ఏటీ అనుకోలేదు. అనుకోలేదనే నాకు అనిపిస్తోంది.”

“ఎందుకండీ? నేనేం చేశాను మీకు?”

“నువ్వేటీ చెయ్యలేదు. పొద్దున్న నువ్వెళ్ళిపోతే ఇంట్లో నాతో మాటాడ్డానికి ఎవరూ ఉండరు. అదే.”

అంతకాలం సాకుల కింద దాచిన మాట అలా నడిబజారులో చెప్పేసింది.  శాలిని మొహంలో కోపమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది, ఏది గెలుస్తుందో నాకు తెలియలేదు. బేకరీ అతని ఫోన్ నుంచి కబురందుకుని టూర్ లీడరు పరుగెత్తుకొచ్చి, ఫిర్యాదు రాయించడానికి పిల్లని కొండ దిగువనున్న పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళింది. పోతూ పోతూ మాకు ఒక మాట చెప్పింది. ఇక్కడి దొంగలు డబ్బు తీసుకుని మిగతావి దగ్గర్లోని చెత్తడబ్బాల్లో పడేస్తుంటారట. వెతికితే పోయేదేమీ లేదంది.

ఇక మేం చూసిన లిస్బన్ అంతా చెత్తడబ్బాలే. కోటగోడ వారన ఒకటి, నది కనిపించే అరుగు దగ్గర ఒకటి, ట్రామ్ ఆగేచోట ఒకటి. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకునే ప్రతిచోటా మేం వంగి లోపలికి తొంగి చూశాం. నేను ముక్కు మూసుకుని గొడుగు కర్రతో కెలికాను. అక్క చీరకొంగు బొడ్లో దోపి చేతులు పెట్టేసింది. ఎవరో విదేశీ దంపతులు మమ్మల్ని చెత్త ఏరుకునేవాళ్ళనుకుని ఒక నాణెం ఇవ్వబోయారు. పట్టుచీరతో చెత్త ఏరుకునే మనిషిని ఎక్కడైనా చూశారా అని వాళ్ళని అడగాలనిపించింది. అక్క మాత్రం దణ్ణం పెట్టి వద్దని, తర్వాతి డబ్బా వైపు నడిచింది. ఎక్కడా కూర్చోలేదు. కూర్చోమంటే వినలేదు.

ఒక మెట్ల సందులో నా కాళ్ళు ఇక కదలనన్నాయి. నేను పై మెట్టు మీద కూలబడ్డాను. అక్క రెయిలింగు పట్టుకుని కిందికి దిగి, మలుపులో ఉన్న ఆకుపచ్చ డబ్బాలో చెయ్యి పెట్టింది. మొదట తన కళ్ళజోడు పెట్టె తీసింది. తర్వాత నీలం పుస్తకం.

తెరిచింది. ఫోటో చూసింది. పైనుంచి నేను చూస్తున్నానని ఆవిడకి తెలీదు. చుట్టుపక్కల నరపురుగు లేదు. అది మళ్ళీ లోపల జారవిడిస్తే, లోకంలో అడిగేవాడు లేడు. శాలిని ఉద్యోగం పోతుంది, ఇంటినిండా మాటలుంటాయి. అక్క ఆ పుస్తకం పట్టుకుని అలాగే నిలబడింది. పిలుద్దామనుకున్నాను. నేను పిలిస్తే నాకు భయపడి తెచ్చినట్టవుతుంది. చెల్లెలికి భయపడి మంచిదయ్యే ఖర్మ మా అక్కకి వద్దనిపించింది. మొహం నది వైపు తిప్పుకున్నాను. ఓడలేవో పోతున్నాయి, ఒక్కటీ కంటికి ఆనలేదు.

తిరిగి చూసేసరికి డబ్బా దగ్గర అక్క లేదు. డబ్బా మూత పడి ఉంది. గబగబా దిగి నేను కూడా ఆ డబ్బాలో చెయ్యి పెట్టాను. అరటితొక్కలు, కాగితాలు. అప్పుడు కింది సందులోంచి అక్క గొంతు వినిపించింది. “శాలినీ, ఒలే శాలినీ” అని, క్యాంటీనులో పిల్లల్ని కేకేసే గొంతు. పోలీసు స్టేషను ఇంకా ఎంతో దూరం. ఆ కేక అక్కడిదాకా వినపడదు. అయినా పిలుస్తూనే దిగుతోంది. ఏ రెయిలింగూ పట్టుకోవడం లేదు.

నేను చేరేసరికి స్టేషను గుమ్మం ముందు శాలిని పుస్తకం పేజీలు తిప్పి ముద్రలు చూసుకుంటోంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. చెత్త వాసన కొడుతున్న అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది.

“మరి మీవి?” అంది కళ్ళు తుడుచుకుని.

టూర్ లీడరు నిట్టూర్చింది. “సింగపూర్ పాస్‌పోర్ట్ దొంగలకి చాలా ఇష్టం, ఆంటీ. అమ్ముకుంటారు. అది రాదు.”

ఎర్ర పుస్తకం ఉందని ఇన్నాళ్ళూ మాకు ఎంత గీరో. దొంగలు కూడా మా గీరని ఒప్పుకున్నారు. ఇక్కడ సింగపూర్ ఎంబసీ లేదు, మాకు మారు కాగితాలు ఇంకో దేశంనుంచి రావాలట, కొన్నాళ్ళు ఇక్కడే పడి ఉండాలి. శాలిని వెంటనే తనూ ఉంటానంది. కంపెనీకి ఫోను చేసి బతిమాలుకుంటానంది.

“వద్దు” అంది అక్క. “చేరే రోజే రాకపోతే ఏటి మర్యాద? నువ్వెళ్ళు.”

“నేను రోజూ చీకటి పడకముందే వచ్చేస్తాను అత్తయ్యా. వచ్చాక అన్నీ చెప్తాను, ఒక్కటి కూడా వదలకుండా.”

“పని ఉంటే ఆలస్యంగానే రా. అన్నం మూతేసి ఉంచుతాను.”

మర్నాడు పొద్దున్న పిల్లని సాగనంపి హోటలుకొచ్చాం. గదిలో టీవీ ఉంది. నేను పెట్టబోతే అక్క వద్దంది. కిటికీ దగ్గర కాసేపు కూర్చుంది, మంచం మీద కాసేపు కూర్చుంది. మధ్యాహ్నం లేచి షూ వేసుకుంది.

“పద, నేనూ వస్తాను” అన్నాను.

“నువ్వొద్దే. నువ్వుంటే నీతో మాటాడతాను. మాటాడకుండా ఎంతసేపు ఉండగలనో చూసుకోవాల గదా. ఇంటికెళ్ళాక నేర్చుకునేకంటే ఇక్కణ్ణించే మొదలెట్టడం మేలు.”

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మా అక్క ఒక్కతే ఎక్కడికీ నడవలేదు. పసార్‌కి వెళ్ళినా పక్కింటావిడని లేపుకుని వెళ్ళే మనిషి. కిటికీలోంచి చూశాను. ట్రామ్ పట్టాలు జాగ్రత్తగా దాటి, ఏ వైపు వెళ్ళాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి ఎత్తు ఎక్కే సందు వైపే తిరిగింది. నాకు భయమేసింది. మొట్టమొదటిసారి ఖాళీ గది నాకు బావుండలేదు.

ఎండ తగ్గకముందే తిరిగొచ్చింది. చేతిలో టార్టు పొట్లం ఉంది. మంచం అంచున కూర్చుని షూ లేసులు విప్పకుండా వాటివైపే చూస్తోంది.

“ఎంతసేపు ఉండగలిగావే?” అని అడిగాను.

“నిన్నటి బేకరీ దాకానే. అక్కడ ఒక ముసలామె కూచుంది. మా కోడలు ఉద్యోగంలో చేరుతోందని ఆమెతో చెప్పేశాను. తెలుగులోనే చెప్పాను. ఆమెకేటి తెలిసిందో, నా చెయ్యి పట్టుకుని విన్నాది.” అక్క పొట్లం పక్కన పెట్టింది. “నా వల్ల కాలేదే తారా.”

పక్కన కూర్చున్నాను. పొట్లం విప్పి ఒక టార్టు చేతికిచ్చాను. తినలేదు. ముక్కు చీదుకుని, చీరకొంగుతో కళ్ళు వత్తుకుంది.

“రేపు బేకరీ లేని దారిలో వెళతాను” అంది.